బూజులో పుట్టిన మాత్ర

రాత్రి భోజనాలయ్యాక వెండిరేకు చించి కొలెస్ట్రాల్ మాత్ర అరచేతిలో వేసుకునేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే సందేహమే ఇది. గుండె సంగతి సరే, పోయిపోయి క్యాన్సర్ తెచ్చిపెట్టదు కదా?

వెర్రి సందేహమని కొట్టేయడానికి నాకు మనసొప్పదు. ఈ మందుకు ఆ సందేహం తోబుట్టువు. 1973లో జపాన్‌లో అకిరా ఎండో వేల బూజులు గాలించి, బియ్యం మీద పట్టిన నీలిపచ్చ బూజులో స్టాటిన్లనే ఈ కొలెస్ట్రాల్ మందుల్లో మొదటిదాన్ని పట్టుకున్నాడు. 1980లో, పెద్ద మోతాదులు మింగించిన కుక్కలకు కణితులొచ్చాయన్న అనుమానంతో ఆ మందు అటకెక్కింది. అదే కోవలోని లోవాస్టాటిన్‌కూ కొన్నాళ్లు గండం తప్పలేదు. అమెరికాలో అది 1987కి గానీ మందుల షాపు గడప తొక్కలేదు.

1996లో మళ్లీ గుబులు. కేర్ అనే మందు పరీక్షలో ప్రవాస్టాటిన్ అనే మరో స్టాటిన్ వాడిన ఆడవాళ్లలో 12 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో ఒక్కరికే. చదివితే గుండె ఝల్లుమంటుంది. కానీ అందులో ఆడవాళ్లే ఆరువందల లోపు. వింతగా చూడాల్సింది ఆ పన్నెండునా, ఈ ఒకటినా? నాకైతే ఒకటి మీదే అనుమానం. అంతమందిని ఏళ్ల తరబడి గమనిస్తే ఒక్కరికే రావడం మామూలు లెక్క కాదు.

ఇంకో తిరకాసు ఉంది. లోపల క్యాన్సర్ ముదురుతుంటే, అది బయటపడకముందే కొలెస్ట్రాల్ తనంతట తానే పడిపోవచ్చు. రిపోర్టులో అంకె తగ్గింది, తర్వాత జబ్బు తెలిసింది. నింద తగ్గిన కొలెస్ట్రాల్ మీద పడింది. దొంగ ఇంట్లో ఉండగా వీధిలో వెతికినట్టు!

2012లో 27 స్టాటిన్ పరీక్షలను, సుమారు 1,75,000 మంది వివరాలను ఒకచోట పోసి చూశారు. ఐదేళ్ల వాడకంలో క్యాన్సర్లు పెరగలేదు. తగ్గనూ లేదు. ఆ రెండో మాట ఎందుకంటే, స్టాటిన్ క్యాన్సర్‌ను ఆపుతుందనే శుభవార్తలూ అప్పుడప్పుడూ వస్తుంటాయి. క్రమం తప్పక మాత్ర వేసుకునే మనిషి నడకకూ వెళ్తాడు, పరీక్షలూ చేయించుకుంటాడు. ఆ పుణ్యమంతా మాత్ర ఖాతాలో రాయడం న్యాయం కాదు.

కండరాల నొప్పులుంటే, రక్తంలో చక్కెర కొంచెం పెరిగితే డాక్టరుకు చెప్పండి, అవి అడగవలసిన సంగతులే. క్యాన్సర్ భయంతో మాత్రం మాత్ర మానకండి.