బడి సర్వరుకు తోడు కావాలి

పెరుగు తోడుకు పక్కింటికి గిన్నె పంపని ఇల్లాలు మనలో ఎవరమ్మా? ఇచ్చినావిడ పెరుగేం తరిగిపోదు, మన పాలూ తోడుకుంటాయి. "ఓపెన్ సోర్స్" అనే మాట మా చిన్నమ్మాయి నోట విన్నప్పుడు నాకు తోచింది ఇదే. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్‌ను ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. పైసా అడగరు. కేరళలో సర్కారు బళ్ళు ఏళ్ళ తరబడి దీన్నే వాడుతున్నాయి. స్వేచ్ఛ అనే సంస్థ వారు దీన్ని తెలుగులోకీ తెచ్చారు.

మా పత్తికొండలో ఒక బడికి అమ్మాయి పెట్టించిన సర్వరంటే పెద్ద యంత్రమనుకునేరు! ఎవరో మూలన పడేసిన పాత కంప్యూటరే. దాంట్లో లినక్స్, దాని మీద కోలిబ్రి అనే ఉచిత సాఫ్ట్‌వేరు. జాడీలో ఊరగాయ మాదిరి పాఠాలన్నీ అందులోనే నిలవుంటాయి. వైఫై పెట్టె ఒకటుంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా పిల్లలు చూసుకోవచ్చు. ఏ పిల్ల ఎక్కడ ఆపిందో కూడా అది గుర్తు పెట్టుకుంటుంది.

ఆ గుర్తే మాకు ముఖ్యం. వానలు మోసం చేస్తే మా వైపు కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు గుంటూరు వలస పోతాయి. పిల్లలూ వెంటే. తిరిగొచ్చేసరికి తరగతి ఎంతో ముందుకు పోయుంటుంది. అలా వచ్చిన ఏడో తరగతి పిల్ల ఒకతె, పోయేముందు ఆపిన భిన్నాల లెక్క దగ్గరే మళ్ళీ మొదలుపెట్టి, అన్నం బెల్లు కొట్టినా లేవలేదు. నా కళ్ళారా చూశాను.

అమ్మాయి ఉండేది బెంగళూరులో. డ్యూటీ దిగాక రాత్రిళ్ళు అక్కడి నుంచే సర్వరును చూసుకుంటుంది. బడిలోది మొబైల్ నెట్టు, బయటివాళ్ళు నేరుగా లోపలికి రాలేరట. అందుకని సర్వరే అమ్మాయి అద్దెకు తీసుకున్న వేరే కంప్యూటరుకు ఫోను కలిపినట్టు కలిపి దారి తెరిచి ఉంచుతుంది. ఆ దారిన ఈమె లోపలికి పోతుంది. దీన్ని ఎస్.ఎస్.హెచ్. అంటారు. 1995లో పుట్టింది, ఇదీ ఫిన్లాండులోనే! (అంత చలిలో ఇంట్లో కూర్చుని ఇంకేం చేస్తారులెండి.) పాస్‌వర్డుకు బదులు బీగం సర్వరుకు, చెవి అమ్మాయి దగ్గర.

ఇంత తెలివీ ఒక్క ప్లగ్గు దగ్గర ఆగిపోయింది. ఒకరోజు ఫోను. "సర్వరు పలకలేదు మా, బడికాడికి పోయి చూసిరా." పోయి చూస్తే ఎవరో ప్లగ్గు పీకి సెల్లు చార్జింగుకు పెట్టుకున్నారు! "పీకరాదు" అని అరచేయంత కాగితం అంటించి వచ్చాను. అప్పటి నుంచి ఆ కాపలా నాదే. దుమ్ము పడుతుందని గుడ్డ కప్పబోయారు, నేనే వద్దన్నాను. గాలి ఆడకపోతే వేడెక్కుతుంది. మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు.

మీ ఊరి బడిలోనూ పాత కంప్యూటర్లు ఉండే ఉంటాయి. దూరాన ఉద్యోగం చేసే కొడుకునో, కోడలినో అడిగి చూడండి. వాళ్ళు ముందుగా అడిగేది "అక్కడ చూసేదెవరు?" అనే. నేనైతే నెలకోసారి పోయి ఇన్వర్టరు బ్యాటరీ కూడా చూసి వస్తాను. అన్నట్టు, అందులో డిస్టిల్డ్ వాటరే పోయించండి. బోరు నీళ్ళు పోస్తే బ్యాటరీ పాడైపోతుంది.