ఆదోని చేలలో రెక్కల లెక్క

సీతాకోకచిలుకలనూ, రాత్రివేళ తిరిగే రెక్కల పురుగులనూ లెక్కపెట్టడమంటే ఎవరికైనా పెద్ద అడవే గుర్తుకు వస్తుంది. తిరుపతి కొండలలో 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం చూపించమని మా పిల్లలు ఎంతో కాలంగా అడుగుతున్నారు. గత నవంబరులో నాలుగు రోజుల సెలవు దొరికింది. కాని మేము బయలుదేరింది అడవికి కాదు; ఆదోని నుండి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉన్న మా మేనమామ పత్తిచేనుకు. "రాండి అల్లుడూ, ఈడ మేమూ పురుగులనే లెక్కపెడతాండాము" అని ఆయన ఫోనులో నవ్వాడు. ఆ నవ్వు వెనుక ఉన్న దిగులు అక్కడికి వెళ్ళాక గాని మాకు తెలియలేదు.

ఆదోనిని వెనుకటికి రెండవ బొంబాయి అనేవారు. అంతా పత్తి మహిమే. కోట కొండల బండరాళ్ళ నీడన ఊరు, ఊరిలో మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు. ఊరు దాటితే నల్లరేగడి నేల. బస్సు కిటికీలో నుండి చూస్తే రెండు ప్రక్కలా విచ్చిన కాయలు తెల్లగా కనబడ్డాయి.

మొదటి రోజు ఉదయం పిల్లలు చేనిగట్టున నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నారు. జిల్లేడు చెట్టు మీద నారింజ రంగు రెక్కలకు నల్ల అంచు ఉన్న సీతాకోకచిలుకలు వాలుతున్నాయి. వాటి గొంగళిపురుగులు జిల్లేడు ఆకు తిని పెరుగుతాయి. ఆ పాల చేదు వంట్లో నిలిచిపోవడంతో పక్షులు వాటిని ముట్టవు. తంగేడు పొద దగ్గర లేతపసుపు రంగువి కనిపించాయి. పెరటిలోని కరివేపాకు మీద పక్షిరెట్టలాంటిది ఒకటి కనబడితే చిన్నవాడు దులపబోయాడు. అది కదిలింది! నల్లని సీతాకోకచిలుకకు పిల్ల అది. గంటన్నరలో నలభై దాకా లెక్క తేలింది. వీటిలో ఒక్కటీ పత్తికి శత్రువు కాదు. అయినా మందు కొట్టిన రోజున ఇవీ చస్తాయి.

మామ లెక్క వేరు. చేనులో మొక్కల తలలకు అడుగు ఎత్తున లింగాకర్షక బుట్టలు కట్టాడు. అందులోని ఎర ఆడపురుగు వాసనను పోలి ఉంటుంది. దానికి మగవి వచ్చి పడతాయి. మన రైతులు వాటిని కూడా తల్లిపురుగులనే అంటారు, అదొక చిత్రం! చిమ్మెట అనగానే మనకు పెట్టెలోని బట్టలు కొరికేదే గుర్తుకు వస్తుంది గాని, దాని జాతిదే ఈ గులాబీ రంగు పురుగు కూడా. రెక్కలు వచ్చాక చూస్తే గోధుమరంగు పొట్టులా ఉంటుంది, ఊదితే పోయేటంత. 1843లో సాండర్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మన దేశపు పత్తిలో దొరికిన పురుగులను చూసే దీనిని లోకానికి తెలియజేశాడు. 2002లో బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చినప్పుడు దీని పీడ వదిలిందనుకున్నారు. 2010 నాటికే గుజరాత్‌లో మొదటి విత్తనానికి ఇది లొంగడం మానింది. మరి కొన్నేళ్ళకు రెండవదానికీ అంతే.

"కాయ కోస్తేగానీ కానరాదు అల్లుడూ. పైకి చూస్తే పచ్చగా నవ్వుతాంటాది" అన్నాడు మామ. అంతకు ముందటి సంవత్సరం ప్రక్క చేనువారు కొడుతున్నారని తానూ అయిదుసార్లు మందు కొట్టాడట. పురుగు అప్పటికే కాయలోపల ఉంది, మందు పైననే ఆగింది. గుడ్డిపత్తి, పసుపు మరకల పత్తి సగం ధరకు పోయింది. అమ్మాయి కాలేజీ ఫీజుకు అత్త గాజులు బ్యాంకులో పెట్టవలసి వచ్చింది. ఆ తర్వాతే ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళి ఈ లెక్క నేర్చుకున్నాడు. ఒక్కొక్క బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితేనే మందు. లేదా 20 కాయలు కోసి చూస్తే రెండింటిలో పురుగు ఉండాలి.

మేమున్న మూడు ఉదయాలూ పిల్లలే లెక్కించారు. ఒక బుట్టలో 5, 7, 9. రెండవదానిలో 3, 4, 4. మూడవ రోజు అరుగు మీద కూర్చుని 20 కాయలు కోశాము. ఒక్కదానిలో గింజ తొలిచి గులాబీ చారల పురుగు ముడుచుకుని ఉంది. మిగిలిన పందొమ్మిది శుభ్రం. మామ డబ్బా తీయలేదు.

అయితే అసలు చిక్కు అక్కడ లేదు. పంట తీసేశాక కట్టెలో, విత్తనంలో, మిల్లు గోదాములో ఇది నిద్రపోయి మరుసటి ఏటి పూతకు లేస్తుంది. డిసెంబరు చివరికి చేను ఖాళీ చేయాలి. "సంక్రాంతి దాకా ఉంచితే ఇంకొక విడత వచ్చును గదా, గాజులు విడిపించుకుందుము" అన్నది అత్త. ఆమె అన్నదీ నిజమే. మామ బదులు చెప్పలేదు; పిల్లల నోటుపుస్తకం తీసుకుని ఆ అంకెలను చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు.

జనవరి మొదటి వారంలో ఆయన ఫోను చేశాడు. ఎండిన కాయలు మేయడానికి గొర్రెలమందను తోలించి, కట్టె పెరికించాడట. చుట్టూ చేలు ఇంకా నిలబడే ఉన్నాయట. గాజుల సంగతి మేము అడగలేదు.