స్కోర్‌షీట్‌లో దొరకనివాడు

మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని తెల్లవారుజాములు మా అరసవల్లికి జనం విరగబడి వస్తారు. ఆ రోజుల్లో తొలి కిరణాలు గోపురం దాటి, మండపం దాటి సూర్యనారాయణ స్వామి పాదాలను తాకుతాయి. అంతా నిమిషాల వ్యవహారం. మబ్బు పట్టిందా, మళ్లీ ఆర్నెల్ల మాటే. మా ఎదురింటి కుర్రాడు మాత్రం ఆ జనానికి ఎదురీదుకుంటూ, బాస్కెట్‌బాల్ చంకన పెట్టుకుని గ్రౌండుకు పోతుంటాడు.

ఇంటర్ రెండో సంవత్సరం. ఆటలో ఫార్వర్డ్. స్పోర్ట్స్ కోటాలో ఏ కాలేజీ అయినా పిలవకపోతుందా అని వాడి ఆశ. ఫార్వర్డ్ అంటే హాకీలోలా ముందుండి గోల్ కొట్టేవాడనే అనుకున్నాను చాలాకాలం. వీడి పని పది అడుగుల ఎత్తున వేలాడే రింగు కింద, ఒళ్లు హూనమయ్యే చోట. ఎవడో విసిరిన బంతి రింగుకు తగిలి ఎగిరితే, అవతలివాణ్ణి వీపుతో కాచుకుని, గాల్లోకి లేచి దాన్ని అందుకోవాలి, అదే రీబౌండ్. తనవాడు బంతి వేసేదాకా గోడలా నిలబడాలి.

మా పిల్లల మ్యాచ్‌ల్లో చివరికి మిగిలేది స్కోర్‌షీట్ ఒక్కటే. అందులో పాయింట్లు, ఫౌళ్లు, టైమవుట్లు రాస్తారు. రీబౌండ్‌కి గడి లేదు. అడ్డు నిలిచినందుకూ లేదు. ఒళ్లూ ఒళ్లూ రాసుకునే చోట ఆడేవాడికి ఫౌళ్లు తప్పవు కదా. అవి మాత్రం ఒక్కటీ పొల్లుపోదు, అయిదు నిండితే బయటికే. అంటే వాడి ఆటకు కాగితం మీద మిగిలిన సాక్ష్యం, వాడు చేసిన తప్పులు!

"బంతి ఎవులేసారో రాస్తారు గానీ, ఎవులిప్పించారో రాయరు కదా మాస్టారూ" అన్నాడొకసారి, నవ్వుతూనే.

మా జిల్లాకి బలం కొత్త కాదు. గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పేరే శ్రీకాకుళం స్టేడియానికి. ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ముందున్న ఇద్దరికీ ఆమెకూ తేడా రెండున్నర కిలోలు. బాధపడొచ్చు గానీ పేచీ పెట్టడానికి లేదు. బార్ లేచిందా, లేదా, అంతే. ఊసవానిపేటలో లేచిన వంద కిలోలు సిడ్నీలోనూ వంద కిలోలే. మావాడి ఆటను తూచే కాటా ఏది? ఎవరో ఒకరు చూడాలి. ఆ చూసేవాళ్లు మా గ్రౌండు గట్టుకి ఎందుకొస్తారు?

పొడవుంటే అదొక దారి. పంజాబ్ పల్లె కుర్రాడు సత్నామ్ సింగ్ ఏడడుగులు దాటి పెరిగాడు. 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో డల్లాస్ జట్టు 52వ వాడిగా ఎంచుకుంది. మావాడు ఆరడుగులకి అంగుళం తక్కువ. వాళ్లమ్మ గుమ్మం పక్కన పెన్సిలుతో గీత గీసి కొలుస్తుంటుంది. గీత కదిలి ఏడాదైంది.

అమెరికాలో హైస్కూలు పిల్లలు తమ ఆట వీడియోలు తీసి కాలేజీ కోచ్‌లకు పంపుకుంటారు. మనకీ అదే వచ్చింది. చెన్నైలో కొన్ని కాలేజీలు ట్రయల్స్ పెట్టి, నచ్చిన ఆటగాళ్లకు సీటూ హాస్టలూ ఇస్తాయి. ఓ చోట ముందు వీడియో పంపమన్నారు. తీసే పని నామీద పడింది.

మూడు మ్యాచ్‌లు ఎండలో నించుని తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే వాడు లేడు! నా ఫోను బంతి వెంట పరుగెత్తింది. ఓ మూల వాడి మోచెయ్యి, ఇంకో మూల బూటు. ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ ఎరిగిన పిల్లాణ్ణి నేనే చూడలేదు. ఇక చెన్నైవాళ్లనేం అంటాం?

నాలుగోసారి బంతి సంగతి మరిచిపోయి వాణ్ణే పట్టుకున్నాను. చిత్రంగా ఉంది ఆ వీడియో. ఓ కుర్రాడు ఊరికే అటూ ఇటూ కదులుతుంటాడు, చెయ్యెత్తుతాడు, కాళ్లు ఎడం చేసి నిలబడతాడు, ఎవరో గుద్దుకుంటే పడి లేస్తాడు. ఉన్నట్టుండి పైకెగురుతాడు, చేతుల్లో బంతి ఉంటుంది. మరుక్షణం అది ఎవరికో ఇచ్చేసి మళ్లీ పరుగు.

పంపి పదిరోజులైంది. జవాబు రాలేదు. నిన్న సాయంత్రం వాళ్లమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చూపించమని నా ఫోను తీసుకుంది. చివరిదాకా కళ్లార్పకుండా చూసింది. ఫోను తిరిగిస్తూ, కాస్త మొహమాటంగా అడిగింది.

"అన్నీ బాగున్నాయి గానండి మాస్టారూ, మరి బంతేదీ?"