మాయింటి గ్రామఫోను పలకలు

పాత సామానుల నమ్ముట మనకు క్రొత్త గాదు. ఇత్తడి బిందెలు పోయి స్టీలు బిందెలు వచ్చిననాడు మన యత్తలును అమ్మిరి. కాని గొంతుకలకు వెల కట్టువారును గలరని మాకు మొన్నటి వేసవి వఱకు దెలియదు.

తెనాలిలోని మాయింట మామగారు విడిచిపోయిన రికార్డులు 163 గలవు. అందు 71 వినైలుతో జేసిన పెద్దవి. తక్కిన 92 లక్క కలిపి చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరుగును, చేయి జాఱిన పెంకువలె పగులును. ఇవి మామగారి తండ్రిగారి నాటివి. వెనుకగది కప్పు వానకు కారుచున్నది. మావారి జీతములో పిల్లల చదువులు పోగా మిగులున దెంతయో బడిపంతుళ్ల యిండ్లవారికి వేఱుగ జెప్ప నక్కఱలేదు. కావున నమ్ముదమని తలచితిమి.

హైదరాబాదునుండి యొక బేరగాడు వచ్చెను. పెద్ద రికార్డుల యట్టలు త్రిప్పి చూచి, అన్నిటికి 14,000 రూపాయ లిత్తు ననెను. నగరములలో పడుచువారు వీనిని మరల మోజుపడి కొనుచున్నారట. లక్క పలకలను మాత్రము వ్రేలితో త్రోసి, "ఇవి హోటళ్లలో గోడలకు మేకులతో కొట్టుకుంటారండీ, డజను మూడువందలకు తీసుకుంటా" ననెను.

అంతవఱకు అరుగుమీద చిక్కుడుకాయలు ఒలుచుచున్న మా యత్తగారు లేచివచ్చి, "నా భారతానికి మేకులు కొడతారా?" యనిరి.

మేము పుట్టినింట తండ్రిగారియొద్ద తిక్కనగారి యుద్యోగపర్వము చదివినవారము. అత్తగారికి అక్షరములు రావు. అయినను తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములలోని పద్యము లెన్నియో యామెకు నోటికి వచ్చును. కాపురమునకు వచ్చిన క్రొత్తలో మామగారు రాత్రులు కీ యిచ్చి యీ పలకలు వేయుచుండగా వంటింటి గడపలో గూర్చుండి నేర్చినవి. పలక యొక్క ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషములే పట్టును. రాగము సాగదీసినచో ఒకటి రెండు పద్యములకు సరి. అట్లు ముక్కముక్కగా నామెకు భారతము వచ్చినది. మేము పుస్తకము చేత బట్టుకొని తడవుకొనుచోట నామె కనులు మూసికొని చెప్పుదురు. (మా తండ్రిగారు నొచ్చుకొనకుందురు గాక!)

పెద్ద రికార్డుల నిచ్చివేసితిమి. ఆ పాటలు నేడు ఎచ్చటనైనను వినవచ్చును. 1974లో గతించిన ఘంటసాలవారి భగవద్గీతను మాత్రము అత్తగారు వెనుకకు లాగికొనిరి. బేరగాడు 500 తగ్గించెను.

లక్క పలకలకొఱకు మావారు విచారించిరి. పాత ధ్వనులను భద్రపఱచు సంస్థలు మన దేశమున గలవు. 1982లో ఆరంభమై నేడు గురుగ్రామములోనున్న సంగీత భాండార మట్టిది. ఎచ్చటికి పంపినను ముందు పట్టిక వ్రాసి పంపుట మేలు: పలక సంఖ్య, కంపెనీ, పాడినవారి పేరు, బీటలున్న యెడల నవియును. "పలకలు పోనీండి, పద్యాలు మాత్రం నాకు తిరిగి రావాలి" అని యత్తగారి నియమము.

పట్టికకు గూర్చుండినపుడు 19 పలకల నడిమి కాగితములను చెదలు తినివేసినట్లు తెలిసినది. 1902లో కలకత్తాలో పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పెడిది; అచ్చువేయుటకు జర్మనీలోని హానోవరునకు పంపినప్పుడు అచ్చటివారికి గుర్తు వలయును గదా! మా పలకలకు ఆ భాగ్యము లేదు. అందుచే ఒక్కొక్కదానిని క్రొత్త సూదితో ఒక్కమాఱు మాత్రమే వేసితిమి. ఉక్కుసూదికి గీత లరుగును. పద్య మెత్తుకొనకమునుపే, హార్మోనియము వాయింపు వినియే, అత్తగారు పాడినవారి పేరు చెప్పుచుండిరి. మేము వ్రాయుచుంటిమి. ఒకమాఱు మావారు స్పిరిటుతో తుడువబోగా ఆపితిమి. లక్క స్పిరిటులో కరుగును. పొడి మెత్తని గుడ్డయే చాలును.

పదునాఱింటికి పేరులు దొరకినవి, రెండింటికి దొరకలేదు. మిగిలిన యొకదానిలో నెవరో స్త్రీ పాడుచున్నది. అత్తగారు పేరు చెప్పలేదు. మరల వేయు మనిరి. సూది మార్చి వేసితిమి. పాట ముగిసి పలక యూరక తిరుగుచుండగా, "ఇది రాయకమ్మా" యనిరి. మేమును అడుగలేదు.

పట్టికలో 91 ఉన్నవి. కప్పు మేస్త్రీ సోమవారము వచ్చును. అంతవఱకు పలకలు మా పడకగదిలో నిలువుగా పేర్చియున్నవి.