గిట్టుబాటు బీజగణితం

పలాస స్టేషన్‌లో దిగి కాశీబుగ్గ వైపు మళ్లితే దారి అడగాల్సిన పని లేదు. ఆవిరికి ఉడికిన జీడిపిక్కల ఘాటు ముక్కుకు తగులుతూనే ఉంటుంది. ఈ ఊరికి వచ్చి రాసేవాళ్లు మామూలుగా పప్పు రుచి గురించో, ఆడవాళ్ల చేతివేగం గురించో, కూలి రేట్ల గురించో రాస్తారు. నేను వచ్చింది లెక్కల కోసం. మన పిల్లలకు ఎనిమిదో తరగతిలో ‘ఏకచరరాశి రేఖీయ సమీకరణాలు’ అనే పాఠం ఉంటుంది. నోరు తిరగని ఆ పేరుతో మొదలై, చాలా తరగతి గదుల్లో అది ‘పక్షం మారితే గుర్తు మారుతుంది’ అనే ఒక్క మంత్రం దగ్గర ఆగిపోతుంది. ఎందుకు మారుతుందని అడిగిన పిల్లవాడికి దొరికే జవాబు ‘అది రూలు’. రూలుకు వెనక ఉన్న అవసరం కంటికి కనబడే చోటు ఉత్తరాంధ్రలో ఏదని ఆలోచిస్తే నాకు పలాసే తోచింది. బీజగణితం నేర్చుకోవడంలో మనం వరస తప్పాం, సమానతను ముందు పెట్టి అసమానతను వెనక్కి నెట్టాం అన్నది నా వాదం. సాక్ష్యం ఈ బస్తాల మధ్యే ఉంది.

పిక్కను ఎండబెడతారు, ఉడకబెడతారు, పెంకు కోస్తారు, పప్పును వేడిగదిలో ఆరబెట్టి పొట్టు తీస్తారు. పెంకులోని జీడి రసం చేతులు పొక్కిస్తుంది కనుక కోత దగ్గర కూర్చున్నవాళ్ల వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఇదంతా చాలామంది రాసిందే. నేను ఎక్కువసేపు చూసింది ఆఖరి మెట్టు, గ్రేడింగు. పప్పు ముందు గుండుగా, బద్దగా, ముక్కగా విడిపోతుంది. తర్వాత గుండును మళ్లీ సైజులవారీగా వేరుచేస్తారు. డబ్బాల మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. అవి ధరలు కావు, బరువులూ కావు. ఒక పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, ఎన్ని గుండు పప్పులు తూగుతాయో చెప్పే అంకెలు. 320 అని రాశారంటే లెక్కగా 320 ఉన్నాయని కాదు, 300కు తగ్గకుండా 320కి మించకుండా ఉన్నాయని. 180 అంటే 170కీ 180కీ మధ్య. డబ్బా మీద ఒకటే అంకె ఉన్నా అది చెప్పేది ఒక అసమానత, అదీ రెండు వైపులా హద్దు ఉన్న అసమానత. ఇంకో విశేషం ఉంది. అంకె పెరిగినకొద్దీ పప్పు చిన్నదవుతుంది. 180 రకంలో ఒక్కో పప్పు రెండున్నర గ్రాములుంటే, 320 రకంలో గ్రామున్నరకు అటూ ఇటూగానే ఉంటుంది. 320 పెద్దది కాబట్టి పెద్ద పప్పు ఇమ్మని అడిగేవాడిని చూసి కొట్టువాడు నవ్వుకుంటాడు. ధన సంఖ్యల్లో ఒక అసమానతకు రెండు వైపులా విలోమం తీసుకుంటే దాని ముఖం తిరగబడుతుందని కాలేజీలో చెప్పే సూత్రం ఇదే. ఇక్కడ దాన్ని ఎవరూ సూత్రమనరు, చూపుతోనే పోల్చుకుంటారు.

ఇప్పుడు బస్తా దగ్గరికి వద్దాం. జీడిపిక్కల బస్తా 80 కిలోలు. ఆ 80 కిలోల నుంచి ఎన్ని పౌన్ల పప్పు రాలుతుందన్నదే ప్రపంచ వ్యాపారంలోనూ కొలమానం. 48 పౌన్లు రాలిందంటే 22 కిలోలకు కాస్త తక్కువ. లెక్క తేలిక కోసం 22 అనే అనుకుందాం. కోత, ఉడకబెట్టడం, పొట్టు, గ్రేడింగు, కరెంటు, అన్నీ కలిపి బస్తాకు 2,500 ఖర్చని కూడా అనుకుందాం. ఈ అంకె నేను వేసుకున్నదే, ఏ యజమాని పుస్తకంలోదీ కాదు. ఇటీవలి సంవత్సరాల్లో పలాస చుట్టుపక్కల ఉన్న ఉద్దానం ప్రాంత రైతులు బస్తాకు 16,000 రూపాయలు కావాలని రోడ్డెక్కారు. ఆ ధరకు కొన్న వ్యాపారి నష్టపోకుండా ఉండాలంటే కిలో పప్పు ధరను 22తో గుణిస్తే వచ్చేది 18,500కు తగ్గకూడదు. భాగిస్తే సుమారు 841 రూపాయలు. పప్పు సగటున 750కే పోతోందని వ్యాపారి అంటే, అదే లెక్క అటు నుంచి చదివి బస్తాకు 14,000 మించి ఇవ్వలేనంటాడు. ఇద్దరి నోటా ఉన్నది ఒకే వాక్యం. ఒకరు ఎడమ పక్షాన నిలబడి, ఒకరు కుడి పక్షాన నిలబడి చదువుతున్నారు. ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే పిక్క ఈ బేరంలోకి మూడో అంకెగా దూరి రైతు గొంతు నొక్కుతోందన్న ఫిర్యాదు వేరే వ్యాసానికి తగిన విషయం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను, కొబ్బరితోటలను నేలకూల్చాక ఆ బేరంలో రైతు బలం ఇంకా తగ్గిందని మాత్రం చెప్పక తప్పదు.

ఈ మొత్తం సంభాషణలో ‘సమానం’ అన్న మాట ఒక్కసారీ రాదు. వచ్చే మాట ‘గిట్టుబాటు’. గిట్టుతుందా, గిట్టదా? అది అసమానత అడిగే ప్రశ్న. సరిగ్గా 841 అనేది ఆ ప్రశ్నకు అంచు మాత్రమే, లాభం వైపు నుంచి నష్టం వైపుకు దాటే గీత. పాఠశాలలో మాత్రం మనం పిల్లలకు ఆ గీతనే ముందు చూపిస్తాం, గీతకు అటూ ఇటూ ఉన్న నేలను చూపించం. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమంలో సమీకరణాలు ఎనిమిదికి ముందే మొదలవుతాయి, రేఖీయ అసమానతలు 11వ తరగతికి గాని రావు. మధ్యలో ఇన్నేళ్లు పిల్లవాడు రెండు పక్షాల మధ్య ఎప్పుడూ సమాన చిహ్నమే చూస్తాడు కనుక, అది ‘జవాబు ఇక్కడ రాయండి’ అనే గుర్తుగా వాడి బుర్రలో స్థిరపడుతుంది. త్రాసు ముల్లు మొగ్గడం ఎన్నడూ చూడనివాడికి అది నిటారుగా నిలబడితే విశేషమేముంది?

బీజగణితాన్ని బేరసారాల లెక్కలతో చెప్పడం కొత్త ఊహ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన బీజగణితంలో ఇద్దరు వర్తకుల లెక్క ఇచ్చాడు. ఒకడి దగ్గర ఆరు గుర్రాలు, 300 రూకలు ఉన్నాయి. రెండోవాడికి పది గుర్రాలున్నాయి గానీ 100 రూకలు అప్పు. ఇద్దరి సంపదా సమానమైతే గుర్రం వెల ఎంత? తెలియని రాశిని ఆయన ‘యావత్తావత్’ అన్నాడు, పొట్టిగా ‘యా’. ఇంకా తెలియనివి ఉంటే కాలక, నీలక, పీతక, లోహితక అని రంగుల పేర్లు పెట్టాడు. గుండు ధర ఒకటి, బద్ద ధర ఒకటి, ముక్క ధర ఒకటిగా ఉండే పలాస బస్తాకు నిజానికి ఆ రంగులన్నీ కావాలి. (శ్రీకాకుళం పిల్లలకైతే యావత్తావత్ కూడా అక్కర్లేదు, వాళ్ల మాటలో ‘ఏటి’ ఉంది. గుర్రం ఖరీదు ఏటి?) ఇప్పటి గుర్తుల్లో రాస్తే 6యా + 300 = 10యా − 100. జవాబు 100 రూకలు. ఇంతవరకు ఏ ట్యూషన్ మాస్టారైనా చేయిస్తారు. ఇక్కడే ఒక్క గుర్తు మార్చి చూడండి. సమానం కాదు, మొదటివాడే ధనవంతుడు అనుకుందాం. 6యా + 300 > 10యా − 100. మంత్రం మాత్రమే వచ్చిన పిల్లవాడు యా లన్నీ ఎడమకూ అంకెలన్నీ కుడికీ తోసి −4యా > −400 అని రాసుకుని, రెండు వైపులా −4తో కొట్టేసి, యా > 100 అంటాడు. గుర్రం వెల 150 అనుకుని సరిచూస్తే మొదటివాడికి 1,200, రెండోవాడికి 1,400. జవాబు తలకిందులైంది. 50 అనుకుంటే 600కు 400. అదీ సంగతి: గుర్రం చవకైతేనే, అంటే యా 100కు తక్కువైతేనే, ఎక్కువ గుర్రాలున్నవాడు వెనకబడతాడు. రుణ సంఖ్యతో భాగిస్తే చిహ్నం తిరగబడాలని ‘రూలు’ చెప్పేది దీన్నే.

ఈ తిరగబాటు చెప్పడానికి మన భాషలో ఉన్నంత సౌకర్యం చాలా భాషల్లో లేదు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ధనం, ఋణం అన్న మాటలతో కూడిక తీసివేతల సూత్రాలు చెప్పాడు. ఈనాటికీ తెలుగు లెక్కల పుస్తకంలో అవే మాటలు, ధన సంఖ్య, రుణ సంఖ్య. మైనస్ అయిదు అంటే అయిదు అప్పు. అయిదు వేలు ఉన్నవాడు మూడు వేలు ఉన్నవాడి కన్నా మేలు, అయిదు వేలు అప్పున్నవాడు మూడు వేలు అప్పున్నవాడి కన్నా కష్టంలో ఉన్నట్టు. ఆస్తిని అప్పుగా మార్చగానే వరస తిరగబడింది. ఇంత చిన్న సంగతిని చెప్పకుండా ‘మైనస్‌తో గుణిస్తే గుర్తు తిప్పాలి, ఎందుకని అడక్కు’ అనడం చేతిలో దీపం పెట్టుకుని చీకట్లో తడుముకోవడమే.

దీనికి అభ్యంతరాలున్నాయి. త్రాసు ఉపమానం ఎంతోదూరం రాదని గణితం తెలిసినవాళ్లే అంటారు. త్రాసులో మైనస్ నాలుగు కిలోలు పెట్టలేం కదా? నిజమే. అందుకే త్రాసు ఒక్కటే చాలదంటాను. మొగ్గు అంటే ఏమిటో త్రాసు చూపిస్తుంది, మొగ్గు ఎప్పుడు తిరగబడుతుందో అప్పు చూపిస్తుంది. రెండూ కలిసే పనిచేయాలి.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. బజారు లెక్క వచ్చినంత మాత్రాన బడి లెక్క రాదంటారు. దానికి ఆధారం ఉంది. బ్రెజిల్‌లోని రెసిఫె నగర వీధుల్లో కొబ్బరికాయలు, పళ్లు అమ్మే పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వెలువడింది. బేరంలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలే, అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37 మాత్రమే చేయగలిగారు. కాయ 35 చొప్పున పది కాయలు ఎంతని అడిగితే ఒక కుర్రాడు పక్కన సున్నా చేర్చలేదు. మూడు కాయలు 105 అని మూడేసి చొప్పున మూడుసార్లు కూడి, మిగిలిన ఒక్క కాయ కలిపి 350 అన్నాడు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల బృందం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లలను పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితమూ ఇలాంటిదే. అందులో ఇంకో సంగతి తేలింది. బజారు పిల్లలకు బడి లెక్క రాకపోవడం ఒక వైపైతే, బడి పిల్లలకు బజారు లెక్క రాకపోవడం ఇంకో వైపు. కనుక పిల్లలను జీడిపప్పు షెడ్డుకు తీసుకొచ్చి చూపిస్తే సమీకరణాలు వాటంతటవే వచ్చేస్తాయని నేను అనను, రావు. రెండు ఒడ్లూ ఉన్నాయి, వంతెన లేదు. డబ్బా మీది 320ని పలకమీద అసమానతగా రాయించడం, ఆ రాతను మళ్లీ పప్పు బరువుగా చదివించడం, ఈ రాకపోకలే వంతెన. అది కట్టాల్సింది పంతులుగారే. ఆ పరిశోధనలు నా వాదాన్ని కొట్టెయ్యవు, పంతులుగారి పనిని పెంచుతాయి.

ఇక పరీక్షలు. అర్థాలు చెబుతూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికి అవుతుంది, మంత్రంతో మార్కులొస్తున్నాయి కదా అంటారు. ఇదే రైలు మార్గంలో కిందికి వెళ్తే వచ్చే విజయనగరంలో, 1892లో తొలిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో, వెంకటేశం పరీక్ష తప్పాడు. చదువు చెప్పే నెపంతో గిరీశం వాడి వెంట ఊరెళ్లాడు. అర్థం లేని చదువు పరీక్షనైనా గట్టెక్కించదని గురజాడ అప్పుడే పట్టేశాడు. అయినా కాలం సంగతే చూద్దాం. గుర్రాల లెక్కకు ఒక పీరియడ్ చాలు. రూలు మరిచిపోయిన పిల్లవాడికి తనంతట తాను సరిచూసుకునే దారి లేకపోతే, అదే అధ్యాయం తొమ్మిదిలో ఒకసారి, పదిలో ఒకసారి, ఇంటర్‌లో ఒకసారి మళ్లీ మొదటినుంచి చెప్పాల్సి వస్తుంది. ఏది ఎక్కువ కాలం తింటుంది?

లెక్కల మాస్టార్లకూ, టీచరమ్మలకూ ఒక్క మనవి. ఈ ఏడు సమీకరణాల పాఠం వచ్చినప్పుడు భాస్కరుడి లెక్క బోర్డు మీద రాయండి. సమాన చిహ్నం చెరిపి, ఆ చోట ‘ఎక్కువ’ గుర్తు పెట్టండి. పిల్లలు గుర్రానికి 50 ఒకసారి, 150 ఒకసారి వేసి చూసేదాకా రూలు చెప్పకండి.