తుపాకి సీసా

తుపాకి మోత మన కథల్లోనూ పాటల్లోనూ చాలాకాలంగా వినబడుతూ ఉంది. తుపాకిని తుడిచిన గుడ్డ వాసన మాత్రం నేను చదివినంతలో ఎక్కడా తగలలేదు. మోత ఒక్క క్షణంలో అయిపోతుంది. వాసన వారం రోజులు ఇంట్లో ఉంటుంది. పేల్చినవాడెవడో ఊరందరికీ తెలుస్తుంది, తుడిచినవాడెవడని ఎవరూ అడగరు. సాహిత్యం చదివి, పాఠం చెప్పి బతికేవాణ్ణి గనక నాకిది మొదట సాహిత్యంలోని లోటుగా కనబడింది. కాని అది జీవితంలోనించే సాహిత్యంలోకి వచ్చిన లోటు. ఆ సంగతి పట్టిసీమలో మా తాతయ్యగారింట ఉండిన ఒక సీసా ద్వారా చెబుతాను.

తాతయ్య అంటే మా అమ్మ తండ్రి. ఆయనకొక నాటు తుపాకి ఉండేది. లైసెన్సు కాగితంలో దాని పేరు ఎస్.బి.ఎం.ఎల్.; ఒకే గొట్టం, మూతివైపునించి మందు కూరే రకం. పంట కాపుదలకని ఇచ్చిన లైసెన్సు అది. ఊరికి ఒక పక్క గోదావరి, ఇంకో పక్క కొండలు. రాత్రిళ్ళు కొండల్లోనించి పందులు దిగి మొక్కజొన్న చేలు కుళ్ళగించి పోయేవి. 1972 నాటి వన్యప్రాణి చట్టం తరవాత అనుమతి లేకుండా పందిని చంపకూడదు గనక మా తాతయ్య తుపాకి ఆకాశంలోకే పేలేది. అయినా దాని హోదాకు లోటు రాలేదు. శివరాత్రికి ఏటి మధ్యనున్న వీరభద్రస్వామి గుడికి పడవెక్కి వెళ్ళివచ్చిన చుట్టాలు హాల్లో కూచుని కాఫీ తాగుతూ గోడకున్న ఆ తుపాకినే చూసేవాళ్ళు. తాతయ్య దాన్ని గురించి చెప్పేవాడు. బాగా చెప్పేవాడు కూడా.

తుడిచేది మాత్రం పాలేరు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయన పిల్లలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. నేను చెబుతున్నది 1990ల చివరి మాట. అప్పటికాయనకు అరవై దాటి ఉంటాయి. మా ఇంట్లో పదేళ్ళ పిల్లలతో సహా అందరూ ఆయన్ని ఏకవచనంలోనే పిలిచేవాళ్ళం.

ఆ తుడవడంలో ఒక శాస్త్రం ఉంది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాతకాలపు మందు కాలినప్పుడు సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. అందులో కొంత పొగతో పోతుంది, కొంత గొట్టంలోపల మసిలాగా అంటుకుంటుంది. ఆ మసిలో లవణాలున్నాయి. అవి గాలిలోని తేమను పీల్చుకుంటాయి. పేల్చిన తుపాకిని అలాగే గోడకు తగిలిస్తే వర్షాకాలంలో తెల్లారేసరికే తుప్పు మొదలవుతుంది. ఆ లవణాలు కరిగేది నీళ్ళలో; కిరసనాయిల్లో కాదు. తాతయ్య కిరసనాయిలే అసలు మందనుకునేవాడు. పాలేరు మాత్రం ముందు గొట్టంలో సలసల కాగే నీళ్ళు పోసేవాడు. వేడినీళ్ళు మసిని కరిగిస్తాయి, ఇనుమును వేడెక్కించి తడిని కూడా తొందరగా ఆర్పేస్తాయి. ఆ తరవాతే గజం కొసకు గుడ్డ చుట్టి, తుపాకి సీసాలో ముంచి, మిగిలిన జిడ్డు తీసేవాడు. చివర పలచగా నూనె పూత. ఇదంతా ఆయన ఏ బళ్ళోనూ చదవలేదు. "నీళ్ళు పొయ్యకపోతే లోపల పుండు పడతాదండి, ఆయ్" అనేవాడు. దీనికి రసాయనశాస్త్రజ్ఞుడు కలపవలసింది పెద్దగా ఏమీ లేదు.

తుపాకి సీసా అని ఇంట్లో అనుకునేది ఒక పాత మందుల సీసా. అందులో రేషను కిరసనాయిలు రెండుపాళ్ళు, కాస్త టర్పెంటైను, కాస్త ఇంజను నూనె. చౌకడిపోల్లో పోసే కిరసనాయిలుకు అప్పట్లో నీలంరంగు కలిపేవారు గదా, ఆ నీలం టర్పెంటైనుతో కలిసి పాలేరు గోళ్ళ సందుల్లో దిగిపోయేది. సీసాకు బిరడా సైకిలు ట్యూబు ముక్క చుట్టిన కర్ర. మెట్లకింద అలమరలో, బియ్యం బస్తా పక్కనే దాని చోటు. అది ఎప్పుడూ కారేది. సీసా అడుగున జిడ్డు, అలమర పలకకు జిడ్డు, ఆఖరికి బియ్యానికీ వాసన. బియ్యం వాసనను ఎంత గట్టిగా పట్టుకుంటుందో వండినవాళ్ళకు తెలుస్తుంది. అమ్మమ్మ రెండుసార్లు బస్తా అంతా అరుగుమీద ఎండబోయించింది.

ఆ వాసన ఎవరిదని ఇంట్లో అనుకున్నారో చెప్పాలి. సీసాది అనలేదు. "వాడి చేతులు కిరసనాయిలు కంపు" అన్నారు. ఆయన చింతపండుతో, బూడిదతో, ఏటి ఒండ్రుతో చేతులు తోముకునేవాడు. గోళ్ళలో నీలం పోయేది కాదు. అన్నం ఆ చేత్తోనే తినాలి. ఆయన అన్నం తినేది పశువుల పాక దగ్గర. ఆయన పళ్ళెం పాక చూరులో దోపి ఉండేది. ఎందుకలాగ అని మాలో ఎవరైనా అడిగితే పెద్దవాళ్ళు కులం మాట ఎత్తేవాళ్ళు కాదు. కాలేజీలో చదివినవాళ్ళున్న ఇల్లది, అస్పృశ్యత నేరమని చెప్పే 1955 నాటి చట్టం తెలిసిన ఇల్లు. "కిరసనాయిలు వాసనరా, లోపలికొస్తే అన్నం సయించదు" అనేవాళ్ళు. ఎంత శుభ్రమైన కారణం!

ఈ కారణాన్ని పరీక్షకు పెట్టినవాడు ఒక లాంచీ సరంగు. పెట్టానని ఆయనకు తెలియదు. ఒక వేసవిలో ఏదో పనిమీద ఇంటికి వచ్చి, అలమర చూసి నవ్వాడు. రబ్బరు కిరసనాయిల్లో ఉబ్బుతుందని, ఉబ్బి మెత్తబడి పట్టు వదులుతుందని చెప్పాడు. సీసా మూతిదాకా నింపడమేమిటని అడిగాడు. లోహపు మరమూత ఉన్న గాజుసీసా ఒకటి తెప్పించి, పదోవంతు ఖాళీ ఉంచి పోసి, మూత మరలకు బట్టల సబ్బు ముక్క గట్టిగా రుద్ది బిగించాడు. లాంచీల్లో చమురు ట్యాంకు చెమర్చితే వాళ్ళు చేసేదదేనట. సబ్బు నీళ్ళలో కరుగుతుందిగాని కిరసనాయిల్లో కరగదు. మైనం పెడితే మెత్తబడి పోతుంది. ఆపైన సీసాను మూతగల రేకుడబ్బాలో పెట్టి చుట్టూ గోదావరి ఇసక పోశాడు. సీసా ఒరగదు, ఒకవేళ చెమర్చినా ఇసకలోనే ఇంకుతుంది.

అలమర పలక మార్చారు. బియ్యం బస్తా ఇంకో గదికి పోయింది. నెల తిరిగేసరికి ఇంట్లో వాసన లేదు. కొత్త సీసా చిట్కాతో పాటు పాలేరు గజానికి పొడుగాటి పిడి కట్టుకోవడంవల్ల చేతికి నూనె అంటడం కూడా తగ్గింది. గోళ్ళలో నీలం పోయింది.

పళ్ళెం చూరులోనే ఉంది.

నేను అమ్మమ్మనడిగాను. ఆవిడ మంచి మనిషి. కాసేపాలోచించి, "అలవాటురా నాన్నా" అంది. ఆయన్నే అడిగాను. "ఇక్కడ గాలి బాగుంటాది బాబుగారూ" అన్నాడు. అది గాలి మాట కాదని పదేళ్ళవాడికి కూడా తెలిసింది.

1857లో ఎన్‌ఫీల్డు తూటాల కొవ్వు వ్యవహారం చదివినప్పుడల్లా నాకీ సీసా గుర్తుకొస్తుంది. తూటా కాగితానికి ఆవుకొవ్వు, పందికొవ్వు పూశారని సిపాయిలనుకున్నారు. ఆ ఏడు జనవరిలోనే ప్రభుత్వం సిపాయిలు తమకిష్టమైన జిడ్డు తామే పూసుకోవచ్చునంది. అయినా ఆగలేదు. కొవ్వు ఒక్కటే కారణమైతే కొవ్వు మారిస్తే సరిపోవాలి గదా. పై కారణాన్ని తీసేసి చూస్తేగాని లోపలి కారణం కనబడదు. అక్కడ కనబడింది కంపెనీ పాలనమీద పేరుకున్న కోపం. మా ఇంట్లో కనబడింది దానికి పూర్తిగా వేరైనది, చాలా నీచమైనది.

తుపాకి ఎవరి చేతిలో ఉండాలన్నది మన దేశంలో చాలాకాలం పాలకులు తేల్చిన విషయం. లిట్టన్ కాలంలో 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు కావాలంది, తెల్లవాడికి అక్కర్లేదంది. దాని స్థానంలో 1959లో కొత్త చట్టం వచ్చింది. ఆ కొత్త చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకి పట్టుకోవాలంటే లైసెన్సుదారు ఎదుట ఉండాలి, లేదా ఆయన రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మా ఇంట్లో తుపాకి తుడిచేటప్పుడు తాతయ్య అరుగుమీద పడక్కుర్చీలో ఉండేవాడు. చట్టం తు.చ. తప్పకుండా అమలయింది. యాజమాన్యం కాగితంమీద, శ్రమ గోళ్ళలో.

ఏరు దాటితే రంప మన్యం మొదలు. ఆ కొండల తుపాకుల చరిత్ర మన విద్యార్థులు అంకెలతో సహా చెబుతారు: 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు, మొత్తం 26 తుపాకులు, 2,500 తూటాలు. ఒక ఏడు నేనీ పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "ఆగస్టులో కొండల్లో ముసురు గదండీ, ఆ తుపాకులు తుప్పు పట్టలేదా?" చరిత్ర పుస్తకం వేయని ప్రశ్న అది. ఆనాటి తూటాలో పాత మందున్నా, పొగలేని కొత్త మందున్నా గొట్టంలో తుప్పుపట్టించే లవణం మిగలక తప్పదు. కొత్త రకానికి కూడా నిప్పంటించే మూతలోని రసాయనం లవణాన్నే వదిలేది. అందుకే ఆ కాలపు బ్రిటిషు సైనికులు కూడా తమ రైఫిళ్ళలో గరాటు పెట్టి కాగిన నీళ్ళు పోసేవాళ్ళు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డు, హైటరు అనే ఇద్దరు అధికారులను పడగొట్టిన నాటికి ఆ తుపాకులు కొండకెక్కి నెల దాటింది. ఆ నెలరోజులూ ఎవరో ఒకరు వాటిని ఆరబెట్టి, తుడిచి, జిడ్డు పూసి ఉండాలి. సీతారామరాజును మనం పూజిస్తున్నాం, తప్పులేదు. ఆ తుడిచిన చేతులకు పేరు వెతకడం కూడా చరిత్ర పనే గాని భక్తి పని కాదు.

ఇక సీసా సంగతికే వస్తాను. తాతయ్య పోయాక తుపాకి మావయ్య పేరుకు మారింది. మావయ్య కొంతకాలం అమెరికా సరుకు తెప్పించాలని సరదాపడ్డాడు. అక్కడ 1903 నించి అమ్ముతున్న హాప్స్ నంబర్ 9 అనే ద్రావకం ఒకటి ఉంది. దానిలాంటి వాటిలో కలిపే అమైల్ ఎసిటేటు మాగిన అరటిపండు వాసన వేస్తుంది. అరటిగెలల మధ్య బతికే మనవాళ్ళకు ఆ వాసన కొనుక్కోవడం తమాషాగానే ఉంటుంది. నాటు తుపాకికి దాని అవసరమే లేదు.

రేషను కిరసనాయిలు ఇప్పుడు రాదు గనక, రంగుల దుకాణంలో దొరికే టర్పెంటైనుతో సరిపెడుతున్నారు. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పోస్తానంటే నేనొప్పుకోలేదు. పాలిథీన్ డబ్బా కారదు, కాని ఆవిరి దాని గోడల్లోంచే మెల్లగా బయటపడుతుంది. డబ్బా పొడిగా ఉంటుంది, గది వాసనేస్తుంది. కూల్‌డ్రింకు సీసాలో పొయ్యడం మరీ ప్రమాదం; పిల్లలు తాగితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేసవిలో పది డిగ్రీల వేడి పెరిగితే ఈ నూనెలు నూటికి సుమారు ఒక వంతు ఉబ్బుతాయి, సరంగు పదోవంతు ఖాళీ ఉంచిందందుకే. ఆవిరి గాలికంటె బరువు గనక నేలబారునే పాకుతుంది, పొయ్యి ఉన్న గదిలో సీసా ఉండకూడదు. అగరొత్తులు వెలిగిస్తే వాసన పోదు, రెండు వాసనలవుతాయి. నిజానికి ఇంట్లో మిగిలే వాసనలో ఎక్కువభాగం సీసాది కాదు, తుడిచిన గుడ్డలది. వాటిని ఉండచుట్టి మూలపడెయ్యకుండా ఆరుబయట విడివిడిగా ఆరేసి, తరవాత మూతగల రేకుడబ్బాలో వెయ్యాలి. తుపాకి కర్రకు పూసే అవిసెనూనె అంటిన గుడ్డలైతే ఉండచుట్టి ఉంచితే తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు కూడా.

ఇవన్నీ మావయ్య శ్రద్ధగా విన్నాడు. గుడ్డలు ఆరేసేది అత్తయ్య. తుపాకి తుడవడం ఈ మధ్య మావయ్యే చేసుకుంటున్నాడు, పాలేర్లు దొరకడం లేదు గనక. గుడ్డలదాకా మాత్రం ఆయన చెయ్యి రాలేదు. నేను గుర్తుచేస్తే, "ఆవిడకు అలవాటేలే" అన్నాడు. అత్తయ్య వెంటనే, "నాకేం అలవాటు లేదు. తలనొప్పొస్తోంది" అంది. ఆ మాట పశువుల పాక దగ్గర ఎవరూ అనలేకపోయారు.

ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకి పోలీసు ఠాణాలో అప్పగించాలి. అది అక్కడున్న రోజుల్లోనూ సీసా ఇంట్లోనే ఉంటుంది, దానికి లైసెన్సు అక్కర్లేదు గదా. ఇప్పుడు మావయ్య లైసెన్సే వదులుకుందామనుకుంటున్నాడు. సీసాలో ఇంకా సగం ఉంది, ఏం చెయ్యమంటావని అడిగాడు. కాలవలో పొయ్యవద్దని, రేవులో ఇంజన్లు బాగుచేసేవాళ్ళకిస్తే భాగాలు కడుక్కుంటారని చెప్పాను. అత్తయ్య మూత తియ్యబోయింది. సబ్బు గట్టిపడిపోయి ఉండటంవల్ల రాలేదు. వేడినీళ్ళ గుడ్డ చుట్టి చూడమన్నాను.