చీకటి పడేలోపు ఇంటికి

నిరుడు అమ్మకి కీమో నడుస్తున్నన్నాళ్ళూ సాయంత్రం ఆరవగానే లాప్‌టాప్ మూసేసి ఇంటికి బయల్దేరేవాణ్ణి. టీమ్‌లో నాకు ‘సిక్స్ ఓ క్లాక్’ అని పేరు పెట్టారు. పైకి నవ్వేసేవాణ్ణి గానీ లోపల గుచ్చుకునేది.

యోజి యమాడా తీసిన ‘ద ట్విలైట్ సమురాయ్’ (2002) ఆ రోజుల్లోనే చూశాను. హిరొయుకి సనాడా వేసిన సెయిబెయ్ ఒక సంస్థానంలో గిడ్డంగి లెక్కలు రాసే చిన్న ఉద్యోగి. జీతాలు బియ్యంలో కొలిచే కాలం. అతనిది 50 కొకులు. తోటివాళ్ళు తాగడానికి పిలిచినా వెళ్ళకుండా పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడు. అందుకే ‘మునిమాపు సెయిబెయ్’ అని వెక్కిరిస్తారు. భార్య క్షయతో పోయింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, మతిమరుపు వచ్చిన తల్లి. కత్తి అమ్మేసి భార్య అంత్యక్రియలు చేశాడు కాబట్టి ఒరలో ఉన్నది వెదురుకత్తి.

షుహే ఫుజిసావా రాసిన మూడు కథల్ని కలిపి అల్లిన సినిమా ఇది. సినిమాకి పేరిచ్చిన కథ 1988లో వచ్చిన సంపుటిలో ఉంది. అందులో భార్య బతికే ఉంటుంది, మంచం మీద. ఒకణ్ణి చంపాలని పైవాళ్ళు పిలిస్తే, సాయంత్రాలు భార్యని చూసుకోవాలి, కుదరదంటాడు సెయిబెయ్. చివరికి ఆమెకి మంచి వైద్యం దొరుకుతుంది, కోలుకుంటుంది. ‘మరీ అనుకూలమైన ముగింపు, సినిమానే నయం’ అని నోట్సులో రాసుకున్నాను.

తర్వాత రచయిత జీవితం గురించి చదివాను. 1927లో యమగాటా ప్రాంతంలోని త్సురుఓకా దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. బడిపంతులయ్యాక క్షయ వచ్చింది. టోక్యోలో ఊపిరితిత్తుల ఆపరేషన్ అయింది, ఏళ్ళు ఆసుపత్రిలోనే గడిచాయి, పంతులు ఉద్యోగం పోయింది. తర్వాత ఆహార పరిశ్రమ వార్తలు వేసే చిన్న పత్రికలో చేరాడు. 1963లో కూతురు పుట్టింది. అదే ఏడాది భార్య క్యాన్సర్‌తో చనిపోయింది, 28 ఏళ్ళకి. పసిపిల్లతో, ముసలి తల్లితో మిగిలాడు. పగలు ఉద్యోగం, రాత్రి రాత. కలంపేరులోని ‘ఫుజిసావా’ ఆవిడ పుట్టిన ఊరి పేరే. 1973లో నవోకి బహుమతి వచ్చేనాటికి కూతురికి పదేళ్ళు.

అప్పుడు లెక్క తిరగబడింది. క్షయ, పోయిన భార్య, ఆడపిల్లలు, ముసలి తల్లి: సినిమా కథకి దూరంగా జరిగి రచయిత బతుకుకి దగ్గరైంది. సినిమాలో ఈ కథంతా చెప్పేది పెద్దదైన చిన్నకూతురు. ఫుజిసావా కూతురు కూడా తర్వాత తండ్రి గురించి పుస్తకాలు రాసింది. ఆయన 1997లోనే పోయాడు, సినిమా చూడలేదు.

యమాడా చూపించింది ఫుజిసావాకి జరిగింది. ఫుజిసావా రాసుకున్నది జరగాల్సింది. సాయంత్రం ఇంటికెళ్ళి సేవ చేస్తే భార్య లేచి నడిచే లోకం ఒకటి, కనీసం కాగితం మీద.

నా నోట్సులో ‘అనుకూలమైన ముగింపు’ అన్న మాట కొట్టేశాను. అమ్మకి ఇంకా స్కాన్లు అవుతున్నాయి. ఫలితం వచ్చే రోజు ఇప్పటికీ ఆరుకే బయల్దేరతాను. ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు పలుకుతున్నాను.